ప్రాస పదం దొరకనప్పుడు: పద్యానికీ పాటకీ ప్రాసలు వెతికే పద్ధతి

పాట రాద్దామని కూర్చున్న ఎవరికైనా మొదటి పది నిమిషాల్లో ప్రాసలు కుప్పలుగా దొరుకుతాయి. వచ్చాను, చూశాను, నవ్వాను, మురిశాను. వెన్నెలలో, కన్నులలో, తోటలలో, మాటలలో. రాస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. మర్నాడు పొద్దున తీసి చదివితే చప్పగా ఉంటుంది.

కారణం మన వాక్యం తీరులోనే ఉంది. తెలుగు వాక్యం ఎక్కువగా క్రియతో ముగుస్తుంది. ఆ క్రియ చివర ఆను, ఆడు, ఇంది లాంటి ప్రత్యయం ఉంటుంది. నామవాచకమైతే చివర లో, కి, తో ఉంటాయి. రెండు పాదాలు ఒకే కాలంలో, ఒకే మనిషి గురించి రాస్తే చివర్లు వాటంతటవే కలిసిపోతాయి. వాటిని కలిపింది వ్యాకరణం. రాసినవాడి చెయ్యి అందులో ఏమీ లేదు కాబట్టి వినేవాళ్ళ చెవికీ ఏమీ ఆనదు.

అందుకని తెలుగులో ప్రాస కోసం పదం మొదట్లో వెతకాలి. మొదటి రెండక్షరాలు కుదిరితే చివర్లు ఎలాగూ కుదురుతాయి. చివర్ల నుంచి మొదలుపెడితే మొదళ్ళు ఎప్పటికీ కుదరవు. కింద చెప్పే పద్ధతంతా దీని మీదే నడుస్తుంది.

మొదటి మెట్టు: శబ్దం ఎక్కడ కలవాలో తేల్చుకోండి

పాదంలో శబ్దాలు కలిసే చోట్లు ముఖ్యంగా మూడు.

ఒకటి, పాదం మొదట్లో రెండో అక్షరం. ఛందస్సులో ప్రాస అంటే ఇదే. మొదటి పాదంలో రెండో అక్షరం ఏ హల్లో, మిగతా పాదాల్లోనూ రెండో అక్షరం ఆ హల్లే కావాలి. అచ్చు మారొచ్చు. రెండు, పాదం మధ్యలో. పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒకానొక చోట అక్షరం మైత్రి కుదరడం, అంటే యతి. మూడు, పాదం చివర. అంత్యప్రాస. సినిమా పాట, లలితగీతం, ఎన్నికల నినాదం, పెళ్ళి పాట, అన్నిటికీ ఇప్పుడు ఇదే అలవాటు.

ఏ చోట కలపాలన్నది మీరు రాసేదాన్ని బట్టి ఉంటుంది. కందం, ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం రాస్తే నాలుగు పాదాలకూ ప్రాస తప్పదు. ద్విపదకు రెండు పాదాలకే ప్రాస. అదీ వద్దనుకుంటే మంజరీ ద్విపద ఉంది. ఆటవెలది, తేటగీతి, సీసాలకు ప్రాస నియమం లేదు, పైగా యతి కుదరనిచోట ప్రాసయతి, అంటే యతి బదులు ఆ చోట రెండో అక్షరాన్ని ప్రాసగా కలపడం, వేసుకోవచ్చు. కొత్తగా పద్యం మొదలుపెట్టేవాళ్ళు ఎందుకో నేరుగా కందం మీద పడతారు. నా సలహా అడిగితే ముందు ద్విపద, తర్వాత ఆటవెలది, ఆ తర్వాతే కందం.

పాటకి ఈ నియమాలేవీ లేవు. కానీ నాలుక మీద నిలిచిన పాటలు చూడండి, మూడు చోట్లా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. ఆడపిల్లలు ఎదురెదురుగా చేతులు చరుస్తూ పాడే పాటే తీసుకోండి:

అట్లు పోయంగ ఆరగించంగ
ముత్యాల చెమ్మచెక్క ముగ్గులేయంగ
రత్నాల చెమ్మచెక్క రంగులేయంగ

చివర "అంగ" కలిసిందని అందరూ గమనిస్తారు. అది తేలిక ప్రత్యయమే. పాటని పట్టి నిలబెట్టింది అట్లుకి ఆరగించడం, ముత్యాలకి ముగ్గులు, రత్నాలకి రంగులు. ఎవరు కట్టారో తెలియని ఈ పాటలో యతి అంత శుభ్రంగా పడింది.

రెండో మెట్టు: చెవిని సామెతలతో తోమండి

పద్యం నియమాలు చెప్పే లక్షణ గ్రంథాలు తర్వాత చదువుకోవచ్చు. పదిహేడో శతాబ్దపు అప్పకవి యతి ప్రాసలకు చెప్పిన భేదాలన్నీ ఒకేసారి మీదేసుకుంటే రాయడం మానేస్తారు. ముందు సామెతలు పైకి చదవండి.

అత్త మీద కోపం దుత్త మీద.
నోరు మంచిదైతే ఊరు మంచిది.
కూటి కోసం కోటి విద్యలు.
తిలా పాపం తలా పిడికెడు.
అప్పు చేసి పప్పు కూడు.
ఆడలేక మద్దెల ఓడు.

అత్త–దుత్త, నోరు–ఊరు, కూటి–కోటి, తిలా–తలా, అప్పు–పప్పు, ఆడ–ఓడు. అన్నిట్లోనూ రెండో అక్షరమే కలిసింది. వీటిని నాలుగైదు సార్లు చదివితే ప్రాసకి ఉన్న నియమాలు చాలావరకు చెవికే తెలిసిపోతాయి. చెవి ఏం పట్టుకుందో ఇక కాగితం మీద చూద్దాం.

ప్రాసాక్షరానికి ముందున్న అక్షరం ఒక పాదంలో గురువైతే అన్నిట్లో గురువు, లఘువైతే అన్నిట్లో లఘువు. దీర్ఘం ఉన్నదీ, సున్నా ఉన్నదీ, ఒత్తున్న అక్షరానికి ముందున్నదీ గురువు; మిగతా పొట్టి అక్షరం లఘువు. నోరు–ఊరు కలుస్తాయి. నోరు–మరు కలవవు. వాన–మేను కలుస్తాయి, వాన–వనం కలవవు. ద్విత్వం, అంటే అక్షరానికి అదే ఒత్తు, ఉంటే ద్విత్వమే రావాలి. కలకి కల్ల ప్రాస కాదు. వేరే ఒత్తున్న సంయుక్తాక్షరమైతే అదే సంయుక్తం. సున్నా కూడా లెక్కలోకి వస్తుంది: అందం–విందు–కుందేలు కుదురుతాయి, అందానికి అదను కుదరదు.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నప్పుడు ల్లకి ళ్ళ కలిసింది. ల, ళల మధ్య ఈ వెసులుబాటు పద్యంలోనూ ఉంది. పాటలోనైతే న–ణ, ద–ధ, శ–స లాంటివి కూడా చెవి సర్దుకుంటుంది. బాధ–గాథ అని పాడితే ఎవరూ అడ్డుచెప్పరు. ద్విత్వం దగ్గర మాత్రం చెవి సర్దుకోదు: పాట–పట్టు ఎంత సాగదీసినా కలవవు.

మూడో మెట్టు: వదులుకోలేని పదాన్ని ఎంచుకోండి

ప్రాస కోసం వెతకడం మొదలుపెట్టే ముందు చెప్పదలుచుకున్నది మామూలు మాటల్లో ఒక వాక్యంగా రాసుకోండి. ఉదాహరణకి: "వాన రాలేదు, చేను ఎండిపోయింది, రైతు ఎదురుచూస్తున్నాడు." కవిత్వం అక్కర్లేదు. ఇందులో ఏ మాట తీసేస్తే పాట వేరే పాట అయిపోతుందో దాని కింద గీత గీయండి. ఇక్కడ అది "వాన". ప్రాస ఆ మాట మీద నడవాలి. "ఎదురుచూపు" మీదో "ఎండిపోవడం" మీదో పెడితే పాట పక్కదారి పడుతుంది.

చాలామంది ముందు ప్రాస జాబితా తయారుచేసి దానికి తగ్గట్టు భావం వెతుకుతారు. అలా వచ్చే పాటల్లోనే మల్లెలు, జల్లులు, విల్లులు, పల్లెలు ఏ సంబంధం లేకుండా ఒకే చరణంలో కూర్చుంటాయి.

నాలుగో మెట్టు: రెండో అక్షరాన్ని కదలనివ్వకుండా మొదటి అక్షరాన్ని తిప్పండి

ఇదే అసలు పని. కాగితం, పెన్ను తీసుకోండి.

"వాన"లో మొదటి అక్షరం దీర్ఘం, రెండోది న. కాబట్టి మన మూస ఇది: ఏదో ఒక దీర్ఘాక్షరం, తర్వాత న. ఇప్పుడు మొదటి చోట గుణింతం తిప్పాలి. తెలుగు మాటల మొదట్లో తరచుగా వచ్చే హల్లులు క, గ, చ, జ, త, ద, న, ప, బ, మ, య, ర, ల, వ, స, హ. ఒక్కోదానికి ఆ, ఈ, ఊ, ఏ, ఓ తగిలించుకుంటూ వెళ్ళండి. 16 హల్లులు, 5 దీర్ఘాలు, మొత్తం 80 జతలు. హల్లు లేకుండా ఉత్త అచ్చులు ఇంకో ఐదు. ఐ, ఔలు చివర్లో. ఒక్కో జతని పైకి పలికి, అక్కడ మాటేదైనా తగిలితే రాసుకోవడమే. కళ్ళతో చేస్తే సగం జారిపోతాయి. నోటితో చేయండి.

నాకు తగిలినవి ఇవి:

ఆ మీద: ఆన, కాన, గానం, చాన, జాన, తాను, దానం, నాని, పానకం, బాన, మాను, యానం, రాను, సాన, హాని.
ఈ మీద: ఈనె, దీనుడు, పీనుగు, మీనం, వీనులు, సీను, హీనం.
ఊ మీద: కూన, తూనీగ, నూనె, పూని.
ఏ మీద: ఏనుగు, చేను, తేనె, నేను, మేను, లేని, వేనవేలు, సేన.
ఓ మీద: కోన, గోనె, బోను, బోనం, లోన, సోన, ఫోను.
ఐ, ఔ మీద: మైనం, లైను, మౌనం, ఔను.

ఫోను, లైను, సీను చూసి మొహం చిట్లించకండి. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలు తెలుగు అచ్చు తగిలించుకుని మన ప్రాసల్లోకి హాయిగా దిగిపోయాయి. లైకు, మైకు, బైకు, కేకు, పైకి ఒక కుటుంబం. రీలు, వీలు, పాలు, కాలు, నూలు ఇంకొకటి. బస్సుకి మనస్సు, తపస్సు, యశస్సు చివర్లో కలుస్తాయి. హాస్యానికి ఇంతకంటే మంచి సరుకు లేదు.

ద్విత్వాక్షరాలతో తిప్పితే జాబితా ఇంకా రుచిగా వస్తుంది, ఎందుకంటే అవన్నీ ఎక్కువగా అచ్చ తెలుగు మాటలు. "మబ్బు" పెట్టి చూడండి: డబ్బు, జబ్బు, దెబ్బ, దిబ్బ, సబ్బు, గబ్బు, దుబ్బు, రుబ్బు, పబ్బం, గొబ్బి, అబ్బాయి, కొబ్బరి, నిబ్బరం, ఉబ్బరం, ఇబ్బంది, సిబ్బంది, తబ్బిబ్బు, ఇబ్బడిముబ్బడి. మబ్బు పక్కన డబ్బు, జబ్బు, ఇబ్బంది వచ్చి నిలబడగానే రైతు పాట సగం దానంతటదే కనపడుతోంది కదా. ప్రాస కోసం వెతికినందుకు దొరికే అసలు లాభం ఇది. మనకు తట్టని ఆలోచనని పక్కమాట తెచ్చిపెడుతుంది.

ఐదో మెట్టు: జాబితాని వడపోయండి

నలభై మాటలు దొరికాయని నలభై వాడక్కర్లేదు. వాన పాటకి చేను, మేను, మాను, కోన, సోన ఒకే నేల మీదివి. ఇవి భద్రం. బాన, గోనె కాస్త దూరంగా ఉన్నాయి, కానీ ఖాళీ నీళ్ళ బాన, గింజ పడని గోనె సంచి అనేసరికి పాటకి ఇల్లూ వాకిలీ వచ్చేస్తాయి. ఇలాంటివి ఒకటో రెండో ఉండాలి. అన్నీ దగ్గరి మాటలే అయితే పాటలో తర్వాత ఏమొస్తుందో వినేవాడు ముందే చెప్పేస్తాడు.

"చాన" లాంటివి కొట్టేయండి. స్త్రీ అనే అర్థంలో పాత కావ్యాల్లో బాగుంటుంది. ఇవాళ్టి రైతు పాటలో అది ప్రాస కోసమే వచ్చిందని పసిపిల్లాడికి కూడా తెలుస్తుంది. ఒక కొలబద్ద చెప్పాలంటే: ప్రాస అవసరం లేకపోయినా ఆ మాట ఆ వాక్యంలో వాడేవారా? లేదంటే తీసేయండి. సంస్కృతం నుంచి వచ్చిన మమత, సమత, భవిత, ఘనత వరసకీ ఇదే వర్తిస్తుంది. వార్షికోత్సవ కవితల్లో ఈ నాలుగూ ఎంత అరిగిపోయాయంటే వాటిలో ఒకటి వినపడగానే మిగతా మూడూ చెవిలో మోగుతాయి.

ఆరో మెట్టు: పాదం కట్టడం

వాన, మేను చేతిలో ఉన్నాయి. ద్విపద కట్టి చూద్దాం. ఒక్కో పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. గణమంటే గురులఘువుల చిన్న గుంపు; ఇంద్రగణాలు కాస్త పెద్దవి, సూర్యగణాలు చిన్నవి. మూడో గణం మొదటి అక్షరం దగ్గర యతి.

వానకై చూచెడు వాడిన చేను
మేనెల్ల బీటలై మెదలక యుండె

రెండో అక్షరాలు చూడండి: వా–న, మే–నె. న కలిసింది, ముందున్నవి రెండూ గురువులే. యతి: మొదటి పాదంలో వాకి వా, రెండో పాదంలో మేకి మె. చివర్లు చేను, యుండె. అవి కలవలేదు, కలవాల్సిన పనీ లేదు. అయినా రెండు పాదాలూ ఒక జంటగా వినపడుతున్నాయి.

యతికి మాట వెతకడం ప్రాస కంటే చాలా తేలిక. మొదటి అక్షరమే కాబట్టి మామూలు నిఘంటువు పేజీలే సాయం చేస్తాయి. గుర్తుంచుకోవాల్సినవి వర్గాలు. క ఖ గ ఘ ఒక జట్టు. చ ఛ జ ఝ, శ ష సలు కలిసి ఒక జట్టు. త థ ద ధ ఒకటి. ప ఫ బ భ వ ఒకటి. హల్లుతో పాటు అచ్చు కూడా మైత్రిలో ఉండాలి: అ ఆ ఐ ఔ ఒక గుంపు, ఇ ఈ ఎ ఏ ఒక గుంపు, ఉ ఊ ఒ ఓ ఒక గుంపు. మేకి మె కుదిరింది అందుకే. మేకి మా కుదరదు.

ఆటవెలదిలో యతి దొరక్కపోతే ప్రాసయతి ఎలా ఆదుకుంటుందో వేమన పాదం ఒక్కటి చాలు చెప్పడానికి: "చూడ చూడ రుచుల జాడ వేరు". చూకి జా యతి కాదు, అచ్చులు వేరు. కానీ చూడ–జాడ ప్రాస కలిసింది. ఆ పాదం వందల ఏళ్ళుగా ఊరూరా తిరగడానికి ఆ రెండు "డ"ల వాటా కూడా ఉందని నా నమ్మకం.

ఇప్పుడదే భావం పాటగా. నాలుగేసి మాత్రల నడక (లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు), చివర మూడు:

వానా వానా రావిక ఏల
చేనే చేతులు చాపిన వేళ

మొదట్లో వాన–చేను. చివర్లో ఏల–వేళ. చేనే, చేతులు, చాపిన అని చకారం లోపల తిరుగుతోంది. చరణంలోకి వెళ్ళేసరికి న వదిలేసి మబ్బు కుటుంబం అందుకున్నాను:

మబ్బుకు మాత్రం చెవులే లేవు
డబ్బుకు మాత్రం కాళ్ళున్నాయి

ఇక్కడ చివర్లు కలపలేదు. "లేవు"కి "రావు", "పోవు" పెట్టొచ్చు, కానీ "కాళ్ళున్నాయి" అన్న మాట పోతుంది. మొదట్లో మబ్బు–డబ్బు అంత గట్టిగా పడ్డాక చివర వదిలేసినా పాట కుంటుపడదు. పల్లవిలో రెండు చోట్లా కలిపి, చరణంలో ఒక చోటే కలపడం వల్ల మళ్ళీ పల్లవి అందుకున్నప్పుడు దానికి బలం వస్తుంది.

ఏడో మెట్టు: చివర్లు కలపాల్సి వస్తే

అంత్యప్రాస తప్పు అని నేననడం లేదు. బలహీనమైనది, బలమైనది అని రెండు రకాలుంది. వచ్చాడు–తిన్నాడు బలహీనం, ప్రత్యయం ఒక్కటే కలిసింది. వచ్చాడు–మెచ్చాడు–తెచ్చాడు బలమైనది, ప్రత్యయం వెనక చ్చ కూడా కలిసింది. అంటే ఇక్కడ కూడా పని చేసింది పదం మొదలే. దాన్నింకా బలంగా చేయాలంటే ఒకచోట క్రియ, ఇంకోచోట నామవాచకం పెట్టండి. చూడు–తోడు–నాడు. పోనీ–బోణీ. ఏల–నేల–వేళ. వ్యాకరణం వేరైనప్పుడు కలయిక కొంచెం ఆశ్చర్యంగా వినపడుతుంది.

రెండక్షరాల మాటలు బంగారం. వాటిలో మొదటి ప్రాస, చివరి ప్రాస ఒకటే కాబట్టి పాదంలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. దీర్ఘం మీద ట ఉన్న కుటుంబం ఒక్కసారి చూడండి: ఆట, పాట, మాట, బాట, తోట, కోట, వేట, పేట, పూట, మూట, చోట, నోట, ఈటె. మన పాటల్లో మాట–పాట–బాట అంతగా వినపడటానికి కారణం ఇదే. కోట, తోట కూడా అరిగాయి. మూట, ఈటె మాత్రం ఇంకా అంతగా అరగలేదు.

విభక్తులు మీకు పనివాళ్ళు. వాన, కోన చివర కలిశాయి. "మేను" కలవలేదు. మేనులో, వానలో, కోనలో అన్నాక చివరి అక్షరం కలిసింది కానీ ను దగ్గర అచ్చు తేడా. "మేనిలోన, వానలోన" అనేసరికి చివర రెండక్షరాలు నిండుగా పడ్డాయి. ఇలా లోన, పైన, తోడ, వైపు లాంటివి తగిలించి చూడండి. మాటని విరిచి కలపడం ఇంకో దారి: గోదారి, నా దారి, ఏ దారి. ఒకవైపు ఒకే మాట, ఇంకోవైపు రెండు మాటలు.

మాండలికం పెద్ద గని. ఆడ, ఈడ, ఏడ అనే ప్రాంతంవాళ్ళకి నీడ, జాడ, వాడ, గోడ, మేడ, చీడ అన్నీ ఊరికే కలుస్తాయి. అక్కడ, ఇక్కడ అని రాసేవాళ్ళకి ఈ అదృష్టం లేదు. వచ్చిండు–మెచ్చిండు... ఎవరి ఇంటి మాట వాళ్ళు రాస్తే సగం ప్రాసలు ఇంట్లోనే ఉంటాయి. పాత్ర గోదావరి జిల్లాదై ఉండి ప్రాస కోసం మధ్యలో "ఏడ" అంటే మాత్రం దొరికిపోతారు.

పల్లవి చివర ఒకే మాట తిరిగి తిరిగి వచ్చే పాటలకి చివరి ప్రాస బాధే లేదు. బతుకమ్మ పాటల్లో పాదం చివర "ఉయ్యాలో" వస్తుంది. చివర పని అది చూసుకుంటుంది కాబట్టి మిగతా పాదంలో కథ చెప్పుకుంటూ పోవచ్చు. కథ చెప్పే పాట రాస్తున్నప్పుడు ప్రాసతో కుస్తీ పట్టేకన్నా ఇలాంటి ఊతపదం ఒకటి పెట్టుకోవడం మేలు.

బాణీ ముందు వస్తే

సినిమాకి, షార్ట్‌ఫిల్మ్‌కి రాసేవాళ్ళకి ఎక్కువగా బాణీ ముందు చేతికొస్తుంది. తనన తాన అనో, లాలల అనో పాడిన రికార్డింగ్ ఉంటుంది. మాటలు మొదలుపెట్టే ముందు దాన్ని గురులఘువుల్లో రాసుకోండి. నొక్కు ఏ అక్షరం మీద పడుతోందో గుర్తు పెట్టండి. ప్రాస ఆ నొక్కు మీదో దాని పక్కనో పడాలి. నొక్కు లేనిచోట ఎంత మంచి ప్రాస పెట్టినా గాయకుడు దాటిపోతాడు, ఎవరికీ వినపడదు.

సాగే స్వరం దగ్గర ట్ట, ప్ప, క్క పెట్టకండి. ద్విత్వం దగ్గర గొంతు ఆగుతుంది, సాగదు. అక్కడ దీర్ఘం మీద న, ల, ర, మ లాంటివి హాయిగా ఉంటాయి. జోలపాటలకి ఇవే. తీన్మార్ దరువు ఉందంటే ద్విత్వాలే కావాలి: చుక్క, పక్క, దుక్కి, మొక్క. ఊగే నడకకి సున్నాలు బాగుంటాయి: అందె, చిందు, విందు, సందు. పాదం చివర స్వరం బాగా సాగితే ఆ, ఏ, ఓ ఉండేలా చూడండి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి వేళని వేళా అని సాగదీయొచ్చు, ఎవరూ తప్పుపట్టరు.

నోటుబుక్కు, నిఘంటువు, కంప్యూటరు

నిఘంటువులు మొదటి అక్షరం వరసలో ఉంటాయి. మనకి కావాల్సింది రెండో అక్షరం వరస. అందుకే సొంత నోటుబుక్కు తప్పదు. ఒక్కో పేజీ పైన ఒక్కో ప్రాసాక్షరం రాయండి: న, ల, ర, ట, డ, మ్మ, న్న, ల్ల, ప్ప, ట్ట, క్క, బ్బ, చ్చ, ద్ద, ంద, ంగ, ంచ. దీర్ఘం తర్వాత వచ్చే నకి ఒక పేజీ, హ్రస్వం తర్వాత వచ్చే నకి ఇంకో పేజీ. సామెత విన్నా, బస్సు మీద ఊరి పేరు చూసినా, పెద్దవాళ్ళ నోట కొత్త మాట పడినా ఆ పేజీలో వేయండి. రెండు నెలలకే నిఘంటువు తెరవడం తగ్గుతుంది.

అర్థం సరిచూసుకోవడానికి ఆంధ్రభారతి నిఘంటుశోధన మంచిది, చాలా నిఘంటువులు ఒకేచోట కనపడతాయి. పద్యం రాశాక గణాలు, యతి, ప్రాస సరిపోయాయో లేదో చూడటానికి "ఛందం" అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. గణం తప్పితే అది పట్టుకుంటుంది. పాదం బాగుందో లేదో మీరే తేల్చుకోవాలి.

కంప్యూటరు కొంచెం తెలిసినవాళ్ళకి ఇంకో దారి. తెలుగు పదాల జాబితా, వరసకి ఒక మాట చొప్పున, టెక్స్ట్ ఫైలుగా పెట్టుకోండి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (మాట బదులు మాట నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) ఒప్పుకునే ఎడిటర్‌లో ఇలా వెతకండి:

^[అ-హ][ా-ౌ]?న

మొదట ఏదో ఒక అచ్చు గానీ హల్లు గానీ, దానికి గుణింతపు గుర్తు ఉన్నా లేకపోయినా సరే, తర్వాత న. రెండో అక్షరం నగా ఉన్న మాటలన్నీ వరసగా వస్తాయి. న బదులు మబ్బులోని బ్బ పెడితే ఆ కుటుంబం వస్తుంది. ధ్యానం లాంటి, మొదటి అక్షరానికి ఒత్తు ఉన్న మాటలు దీనికి చిక్కవు. హ్రస్వాలూ దీర్ఘాలూ కలిసి వస్తాయి, అన్న లాంటి ద్విత్వాలూ దూరతాయి. వాటిని చేత్తో ఏరుకోవాలి. అయినా నోటితో తిప్పిన జాబితాలో లేని మాటలు కొన్ని తప్పకుండా తగులుతాయి. నోటితో తిప్పడం అయ్యాకే ఇది చేయండి. ముందే చేస్తే మీ నాలుక మీద లేని మాటలు పాటలోకి వచ్చి కూర్చుంటాయి.

ఎంత తిప్పినా దొరక్కపోతే

ఇన్ని చేసినా పాదం కదలకపోతే తప్పు జాబితాది కాకపోవచ్చు. మీరు పట్టుకున్న మాటకే చుట్టాలు తక్కువేమో చూడండి. "వర్షం" తీసుకుంటే హర్షం లాంటి ఒకటి రెండు తప్ప వెంటనే ఏమీ తట్టవు. అదే భావానికి వేరే మాటలు వరసగా రాసుకోండి: వాన, జల్లు, చినుకు, జడి, ముసురు. జల్లు పట్టుకుంటే ఇల్లు, పల్లె, చెల్లి, తల్లి, పిల్ల, ముల్లు, కళ్ళు, ఒళ్ళు ఒక్కసారిగా వస్తాయి. చినుకు అయితే కినుక, వెనుక, కనుక, మనసు, పనులు, జనం. ఇందులో కినుక ఎంత మంచి మాట! చినుకుకి కినుక వచ్చిందంటే పాటకి అదే ఎత్తుగడ.

మాట మార్చినా కుదరకపోతే పాదాల వరస మార్చండి. కష్టమైన ప్రాసపదాన్ని మొదటి పాదంలో పెట్టి తేలికదాన్ని రెండో పాదంలో పెడితే రెండోది సహజంగా దొరికినట్టు వినపడుతుంది. తిరగేస్తే రెండో పాదం ప్రాస కోసమే రాసినట్టు ఉంటుంది. పాదం నింపడానికి సుమీ, కదా, గా, మరి లాంటివి తోసుకొస్తున్నాయంటే ఆ పాదంలో చెప్పడానికి సరుకు అయిపోయిందని అర్థం. అక్కడ ప్రాస వెతకడం ఆపి, మామూలు మాటల్లో రాసుకున్న ఆ మొదటి వాక్యం దగ్గరకి వెళ్ళి, చెప్పకుండా మిగిలిపోయింది ఏముందో చూసుకోండి. వాన పాటలో నేనింకా గోనె సంచి సంగతి ఎత్తనే లేదు.